వేట మజిల్ లోడర్‌కి పీప్, గ్లోబ్ సైట్లు: వెనక రంధ్రం ఎంత, ముందు ఏ ఇన్సర్ట్?

మియాపూర్_షూటర్:
అందరికీ నమస్తే. మా బావ చాలా ఏళ్లుగా కొలరాడోలో ఉంటున్నారు, సెప్టెంబర్‌లో వచ్చే మజిల్ లోడర్ (గొట్టం మూతి నుంచి మందు, గుండు నింపే తుపాకి) సీజన్‌లో జింక వేటకి వెళ్తారు. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం, నేను అడిగేది పూర్తిగా అక్కడి సంగతే.) ఆయనది పాయింట్ 50 క్యాలిబర్, పాతకాలపు సైడ్‌లాక్ (పేల్చే సుత్తి పక్కన ఉండే) మోడల్, వెనక V గాడి, ముందు బ్లేడ్. యాభై దాటాక వెనక గాడి మొత్తం అలుక్కుపోయినట్టు కనిపిస్తోందట. ఆ సీజన్‌లో స్కోప్ పెట్టకూడదు, బ్యాటరీతో వెలిగే డాట్ కూడా కుదరదు, కాబట్టి పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి చూసే వెనక సైట్) వేయించాలని అనుకుంటున్నారు. నేను గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడతాను కదా అని నన్ను అడిగారు. నా రైఫిల్ మీద వెనక ఐరిస్ (సైజు మార్చుకునే రంధ్రం) 1.1 మిల్లీమీటర్ దగ్గర పెట్టుకుంటా, ముందు టన్నెల్‌లో (గొట్టంలాంటి సైట్‌లో) ఇన్సర్ట్‌గా, అంటే లోపల మార్చుకునే గురి ముక్కగా, రింగ్. ఇదే సెటప్ ఆయనకీ చెప్పేయొచ్చా? ఎంత దూరమన్నా 100 గజాలు దాటి కొట్టరు.

గురి_పది:
భయ్యా, అది చెప్పకండి. మన ఆట లెక్క వేరు, ఆయన పని లెక్క వేరు. మన టార్గెట్ మీద నల్లటి భాగం 30.5 మిల్లీమీటర్లు, పదో పాయింట్ అర మిల్లీమీటర్ చుక్క. అది గుండ్రంగా ఉంటుంది, కదలదు, లైటింగ్ ఒకేలా ఉంటుంది. ముందున్న రింగ్‌కీ నల్ల గుండ్రానికీ మధ్య సన్నటి తెల్ల గీత చుట్టూ సమానంగా ఉందా లేదా చూసుకుని వదులుతాం, రింగ్ పనిచేసేది ఆ తెల్ల గీత వల్లే. ఎండిన గడ్డిలో గోధుమరంగు జింక భుజం చుట్టూ ఆ గీత ఎక్కడి నుంచి వస్తుంది? రింగ్ లోపల అంతా ఒకటే రంగు, మధ్య ఎక్కడుందో తెలియదు. ఆయనకి పోస్ట్ (నిలువు పుల్లలాంటి) ఇన్సర్ట్ కావాలి, పైభాగం చదునుగా, కొంచెం మందంగా ఉన్నది.

వెనక రంధ్రం సంగతి ఇంకా ముఖ్యం. అక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి, సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకి అనుమతి, జింకలు బయటికి వచ్చేదీ ఆ వేళల్లోనే. మసక వెలుతురులో కంటిపాప 5 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. దాని ముందు 1.1 రంధ్రం పెడితే వెలుతురు కోసేసినట్టే. 3.2 మిల్లీమీటర్లు, అంటే 0.125 అంగుళం రంధ్రం తీసుకుంటే దానికంటే ఎనిమిది రెట్లు పైగా వెలుతురు వస్తుంది. పెద్ద రంధ్రమైతే గురి చెడుతుందని చాలామంది భయపడతారు, అంత భయం అక్కర్లేదు. కిటికీలోంచి బయటికి చూసేటప్పుడు చువ్వలు పట్టించుకోం కదా, అలాగే రంధ్రం అంచుని వదిలేసి ముందు పోస్ట్‌నే చూడమనండి, కన్ను తనంతట తానే దాన్ని మధ్యకి తెచ్చుకుంటుంది. 100 గజాల లోపు వేటకి అది సరిపోతుంది.

ఉప్పల్_టు_డెన్వర్:
పై అన్న చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. నేనూ ఇక్కడ అదే సీజన్‌లో తిరుగుతాను. వెనక లైమన్ 57 గానీ విలియమ్స్ ఎఫ్‌పీ గానీ (రెండూ పీప్ సైట్ మోడల్సే) చూడమనండి, రెండింట్లోనూ మజిల్ లోడర్లకి సరిపోయే రకాలు ఉన్నాయి, కానీ ఆర్డర్ పెట్టేముందు ఆయన తుపాకి మోడల్‌కి కచ్చితంగా కూర్చుంటుందా, మరలకి రంధ్రాలు ముందే వేసి ఉన్నాయా చూసుకోవాలి. విలియమ్స్‌లో చేత్తో తిప్పే పెద్ద నాబ్‌లున్న రకం కూడా దొరుకుతుంది. రేంజ్‌కి అది హాయిగా ఉంటుంది, వేటకి మాత్రం వద్దు. పొదల్లో, జాకెట్‌కి, బ్యాగ్ పట్టీకి రాసుకుని ఎప్పుడు తిరిగిందో కూడా తెలియదు, తీరా జింక ముందు నిలబడ్డాక గుండు ఎటో పోతుంది. స్క్రూడ్రైవర్‌తో తిప్పి, లాక్ బిగించే రకమే తీసుకోమనండి. ఇంకో ఉపాయం, మరీ చీకటిగా ఉన్నప్పుడు రంధ్రమున్న డిస్క్‌ని విప్పేసి, అది బిగించే మర రంధ్రంలోంచే చూడొచ్చు.

ముందు గ్లోబ్ (మీ టన్నెల్ లాంటి గొట్టం సైట్) అయితే లైమన్ 17A చాలామంది వాడేది, ఇన్సర్ట్‌ల సెట్ దాంతోపాటే వస్తుంది, వేర్వేరు ఎత్తుల్లో దొరుకుతుంది. దాని గొట్టం వల్ల పక్కనుంచి ఎండ పడ్డా పోస్ట్ మీద మెరుపు రాదు, అదే దాని గొప్పతనం. కానీ అదే గొట్టం సాయంత్రం లోపల చీకటి చేస్తుంది, మంచు, వాన చుక్క, ఆకు ముక్క ఏదైనా అందులో ఇరుక్కుంటుంది. గంటకోసారి ఊది చూసుకోవాలి. దట్టమైన అడవిలో కూర్చునే మనిషైతే నేను గ్లోబ్ కన్నా ఫైబర్ ఆప్టిక్ పూస ఉన్న మామూలు ఫ్రంట్ సైట్‌కే ఓటేస్తాను, కొలరాడో రూల్స్ దానికి ఒప్పుకుంటాయి. బయట మైదానంలో, పొదల అంచున కూర్చుంటే గ్లోబ్ బాగుంటుంది. కొనేముందు ఒక పరీక్ష చేయమనండి: అట్టపెట్టెకి మట్టిరంగు వేసి ఇంటి వెనక 50 గజాల్లో పెట్టి, పొద్దుగూకాక ఖాళీ తుపాకితో చూడాలి. పోస్ట్ పైఅంచు అట్ట మీద విడిగా కనిపించడం ఏ నిమిషానికి ఆగిపోతుందో, ఆయన వేట ఆ నిమిషానికే ఆపాలి, చట్టం ఇంకా టైమ్ ఇచ్చినా సరే.

బాలానగర్_టూల్‌రూమ్:
తుపాకుల సంగతి వీళ్లకి తెలిసినంత నాకు తెలియదు, కొలతల పని రోజూ చేస్తాను కాబట్టి అది చెప్తాను. పీప్ వేస్తే వెనక సైట్ ఎత్తు పెరుగుతుంది, పాత బ్లేడ్ ఎత్తు దానికి చాలకపోవచ్చు, గుండు పైకి పోతుంది. అందుకే రెండూ ఒకేసారి కొనొద్దు. ముందు పీప్ బిగించి, దాన్ని కిందికి దించి, ఇంకా కొంచెం దిగడానికి చోటుండగా ఆపి, ఆ ఎత్తు కొలిచి అప్పుడు ముందుది ఆర్డర్ చేయాలి. లెక్క సులువే: గుండు ఎంత తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో హెచ్చించి, టార్గెట్ దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 30 అంగుళాలు ఉండి, 100 గజాల దగ్గర, అంటే 3600 అంగుళాల దగ్గర, గుండు 6 అంగుళాలు పైకి పోయిందనుకోండి: 6 ఇంటూ 30 బై 3600, అంటే 0.05 అంగుళం. ముందు సైట్ అంత ఎత్తు పెరగాలి. వెనకది గుండు ఎటు పోవాలో అటు జరపాలి, ముందుది దానికి రివర్స్. డవ్‌టెయిల్ (లోపలికి వెడల్పయ్యే) గాడిలో ముందు సైట్ తట్టేటప్పుడు ఇత్తడి పంచ్ వాడాలి, స్టీల్‌తో కొడితే అంచు పాడవుతుంది. ఆ గాడి వెడల్పు కూడా కొలవమనండి, 17A కూర్చునేది 3/8 అంగుళం గాడిలో.

మియాపూర్_షూటర్:
చాలా థ్యాంక్స్ అన్నా, ముగ్గురికీ. ఐరిస్ ఆలోచన పక్కన పెట్టేశాం. బావ ఇప్పుడే ఫోన్‌లో చెప్పారు, ఆయన కూర్చునేది గడ్డి మైదానం అంచున, గాడి 3/8 అంగుళమే ఉంది. ఒకటే టెన్షన్, ఆయనకి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు. తల వంచితే ఏ భాగంలోంచి చూస్తున్నారో తెలియట్లేదట.

గురి_పది:
ప్రోగ్రెసివ్ వద్దు భయ్యా. దూరం చూపు పవర్ ఒక్కటే ఉన్న జత చేయించుకోమనండి. రంధ్రం కంటిపాప కన్నా చిన్నదవడం వల్ల ముందు పోస్ట్ కొంత స్పష్టంగా వస్తుంది, టార్గెట్ అద్దం వల్ల స్పష్టంగా ఉంటుంది. అద్దాలు పగలని రకమే కావాలి, పెర్కషన్ క్యాప్ (మందుని అంటించే చిన్న లోహపు టోపీ) పేలినప్పుడు తునకలు ఎగురుతాయి. ఇంకొకటి, పీప్‌ని కంటికి మరీ దగ్గరగా బిగించొద్దు. మన ఎయిర్ రైఫిల్‌కి కిక్ లేదు కాబట్టి దగ్గర పెట్టుకుంటాం, పాయింట్ 50 తన్నితే ఆ డిస్క్ నేరుగా కనుబొమ్మకి తగులుతుంది.

బాలానగర్_టూల్‌రూమ్:
పీప్ వచ్చి బిగించాక బారెల్ పైనుంచి రంధ్రం మధ్య దాకా ఎత్తు, పాత బ్లేడ్ ఎత్తు, రెండు సైట్ల మధ్య దూరం, 50 గజాల దగ్గర గుళ్లు ఎక్కడ పడుతున్నాయో ఇక్కడ పెట్టండి. కొలత వెర్నియర్‌తో తీయమనండి, టేపుతో కాదు. ఏ ఎత్తు 17A కావాలో లెక్క కట్టి చెప్తాను.