పిన్‌హోల్ కెమెరా సర్వో షట్టర్: ఎండలో రిమోట్ అందట్లేదు

ప్రశ్న (తిరుపతి):
బిస్కెట్ల రేకు డబ్బా కెమెరా. రంధ్రం 0.4 మి.మీ., అక్కడి నుంచి ఫోటో పేపర్‌కి 100 మి.మీ. షట్టర్‌ని కదిపే చిన్న మోటారు ఎస్‌జీ90 సర్వో, దాన్ని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డ్యునో నానో, టీవీ రిమోట్ సెన్సర్, 9 వోల్టుల బ్యాటరీ. గదిలో బ్రహ్మాండం. చంద్రగిరి రాజమహల్ ముందు ఎండలో రెండడుగులకే రిమోట్ అందట్లేదు. పైగా స్విచ్ వేయగానే షట్టర్ దానంతటదే ఓసారి తెరుచుకుంటోంది.

జవాబు:
రెండూ వేర్వేరు జబ్బులన్నా. ఎండ నిండా ఇన్‌ఫ్రారెడ్డే, అందులో రిమోట్ మినుకు సెన్సర్‌కి ఆనదు. 433 మెగాహెర్ట్జ్ నాలుగు బటన్ల రిమోట్, దాని రిసీవర్ తీసుకోండి. ఏ బటన్ నొక్కారో విడమరిచే డీకోడర్ చిప్ ఉన్నదే అడగండి, అదీ నొక్కినంతసేపే పనిచేసే ఎం4 రకం. చిప్ లేని చవక రిసీవరైతే కోడ్‌లో వాడే కొన్ని రేడియో లైబ్రరీలు, సర్వో లైబ్రరీ నానోలోని ఒకే టైమర్ (టైమర్1) కోసం కొట్టుకుంటాయి. 17 సెం.మీ. యాంటెన్నా తీగ డబ్బా బయటే ఉండాలి, రేకు లోపలికి సిగ్నల్ రాదు.

ఇక రెండోది. కోడ్‌లో అటాచ్ (సర్వోకి సిగ్నల్ మొదలెట్టే ఆదేశం) అనగానే సర్వో 90 డిగ్రీలకు వెళ్తుంది. మీకు అది తెరిచిన స్థానం అయ్యుంటుంది. హార్న్ (సర్వో మీది చిన్న చేయి) ఊడదీసి, 90 దగ్గర మూసి ఉండేలా మళ్ళీ బిగించండి, తెరవడానికి 130. అప్పుడు నానో మధ్యలో రీసెట్ అయినా షట్టర్ మూతపడే ఉంటుంది.

ఇంకో జవాబు:
అసలు రీసెట్లకు మూలం ఆ 9 వోల్టుల బ్యాటరీ. సర్వో కదిలేటప్పుడు లాగే కరెంటు అది ఇవ్వలేదు. సర్వోకి విడిగా రీచార్జబుల్ ఏఏ సెల్స్ నాలుగు, 4.8 వోల్టులు, దాని పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండు గ్రౌండ్లూ (బ్యాటరీల మైనస్ తీగలు) కలపడం మరవద్దు. కదిలాక 300 మిల్లీసెకన్లు ఆగి డిటాచ్ చేయండి (సిగ్నల్ ఆపండి), లేకపోతే సర్వో వణుకు బొమ్మలో కనిపిస్తుంది. గ్లూ గన్‌తో అతికించకండి, మన ఎండకి నల్ల డబ్బా మీద జిగురు మెత్తబడి సర్వో పక్కకి ఒరుగుతుంది. చిన్న స్క్రూలే మేలు.

ప్రశ్న:
ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలి? పేపర్ మీద నలుపు మసక కూడా వస్తోంది.

జవాబు:
మీది ఎఫ్/250 (100 మి.మీ. దూరాన్ని 0.4 మి.మీ. రంధ్రంతో భాగిస్తే వచ్చేది). ఐఎస్‌ఓ 6 (వెలుగుకి స్పందించే వేగం) పేపర్‌కి నడి ఎండలో 40 సెకన్లతో మొదలెట్టండి. సాయంత్రం పసుపు వెలుగు పేపర్‌కి సరిగా ఎక్కదు, మూడు నాలుగింతలు కావాలి. మసక సంగతి: షట్టర్ మూసి, పేపర్‌తో డబ్బాను పది నిమిషాలు ఎండలో ఉంచి డెవలప్ చేయండి. అంచున నల్ల చారలొస్తే మూత లీకు. మధ్యలో నలుపు కమ్మితే షట్టర్ ముక్కకీ రంధ్రానికీ మధ్య ఖాళీ ఎక్కువైనట్టు. ముక్క వెనక నల్ల వెల్వెట్ అతికించి రంధ్రం పలకకి ఆనించండి, రంధ్రం చుట్టూ 10 మి.మీ. దాకా కప్పాలి. వెల్వెట్ మరీ ఒత్తుకుంటే సర్వో మూలుగుతుంది, అప్పుడు కాస్త వదులు చేయండి.