ఐదేళ్ల పిల్లాడికి నెలల తరబడి మోషన్ పౌడర్ ఇవ్వడం తప్పా?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మా వాడికి ఐదేళ్లు, 18 కిలోలు, యూకేజీ. రెండేళ్లప్పటి నుంచీ మూడు నాలుగు రోజులకోసారి మోషన్, అదీ గట్టిగా. జూన్‌లో బడి తెరిచాక రోజూ చెడ్డీలో మరకలు మొదలయ్యాయి. పల్చగా కారుతోంది కదా, విరేచనాలు అనుకుని నెల రోజులు పెరుగన్నం, అరటికాయ పెట్టాను. మొదట చూసిన డాక్టరూ విరేచనాలు కట్టడానికే మందిచ్చారు. "ఇంత పెద్దవాడివి, నీకు తెలియదా?" అని తిడితే "తెలీలేదమ్మా" అనేవాడు. అబద్ధం అనుకున్నాను. రెండుసార్లు కొట్టాను కూడా.

రెండో డాక్టర్ పొట్ట నొక్కి చూసి, ఎడమవైపు కింద గట్టి ఉండ తగులుతోందని నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించారు. మలం పేరుకుపోయి పేగు చివర సాగిపోయింది, సాగినచోట "వస్తోంది" అన్న సంగతి పిల్లాడికి తెలియదు, వెనక నుంచి వచ్చే పల్చటిది ఆ గడ్డ పక్కగా జారి చెడ్డీలోకి వచ్చేస్తుంది అన్నారు. అంటే వాడు నిజమే చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పౌడర్ రాశారు. మొదటి ఐదు రోజులు ఎక్కువ మోతాదు, తర్వాత తక్కువ మోతాదు నెలల పాటు. ఇప్పటికి ఆరు వారాలు. మరకలు దాదాపు లేవు. కానీ నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు డబ్బా చూసి, "పసివాడికి రోజూ విరేచనాల మందా, పేగులు దానికే అలవాటు పడిపోతాయి" అని ఒకటే బాధ. మా ఆయనా ఆపేద్దామంటున్నారు. నాకు ఆపాలని లేదు. మీరేమంటారు?

బనశంకరి తాతయ్య:
అమ్మా, మీ అత్తగారి మాటే నా మాట. మా ఇంట్లో నలుగురు పిల్లలు పెరిగారు. నెలకోసారి ఆముదం, చంటివాళ్లకైతే తమలపాకు కాడ ఆముదంలో ముంచి పెట్టడం, అంతే. మందుల డబ్బా ఎరగం. అసలు తప్పు తిండిలో ఉంది. పొద్దున గ్లాసు పాలు, బిస్కెట్లు, మధ్యాహ్నం మైదా నూడుల్స్, రాత్రి మళ్లీ పాలు. ఈ బెంగళూరులో రాగులకు కరువా? రాగి జావ, జామపండు, తోటకూర పప్పు, రాత్రి నానబెట్టిన ఎండు ద్రాక్ష పెట్టి చూడు. కాళ్లు గాల్లో వేలాడే ఆ కమోడ్ మీద పసివాడు ఎలా ముక్కుతాడు? నెలల తరబడి మందు అన్నమాటే నాకు మింగుడు పడదు.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్, ఇద్దరు పిల్లల తల్లి:
అక్కా, ఆపొద్దు. మేము ఆపాం. మా పాపకు నాలుగేళ్లప్పుడు ఇదే పౌడర్, మూడో వారానికి అంతా బాగుందని మానేశాం. పది రోజుల్లో మళ్లీ గట్టిపడి, చీరుకుని రక్తం వచ్చింది. ఆ నొప్పి ఒక్కసారి చవిచూశాక పిల్లలు రానివ్వరు. కర్టెన్ వెనక నిలబడి, కాళ్లు కత్తెరలా బిగించి, మునివేళ్ల మీద లేచి, మొహం ఎర్రగా చేసుకునేది. ముక్కుతోంది పాపం అనుకున్నాం. అది బిగబట్టడమట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే పూర్తిగా మానడానికి పదకొండు నెలలు పట్టింది.

పిల్లల వార్డు నర్సు, జయనగర్:
తాతయ్యగారూ, తిండి గురించి మీరన్నది నేను కాదనను. కమోడ్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. పాదాల కింద పీట వేసి మోకాళ్లు పైకి లేచేలా కూర్చోబెట్టాలి. కానీ వరస ముఖ్యం. లోపల గడ్డ అడ్డం ఉండగా పీచు పెంచితే దాని వెనక ఇంకా పేరుకుంటుంది. ముందు దారి ఖాళీ చెయ్యాలి. తిండి మార్పు ఒక్కటే మొదటి వైద్యంగా పెట్టుకోవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2010లోనే రాసింది.

2014లో ఐరోపా, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గడ్డ తీయడానికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాములు, 3 నుంచి 6 రోజులు. తర్వాత కిలోకు 0.4 గ్రాములతో మొదలుపెట్టి, మోషన్ మెత్తగా వస్తోందా లేదా చూసుకుంటూ మార్చాలి. మీ బాబుకు రోజుకు 7 గ్రాముల లెక్క వస్తుంది, మీ డాక్టర్ రాసినదానితో పోల్చి చూసుకోండి. ఇది కనీసం రెండు నెలలు. ఇబ్బందులన్నీ పోయి ఒక నెల గడిచాక, అదీ మెల్లగా తగ్గించాలి. ఆరు వారాలు అంటే ఇంకా దారి మధ్యలోనే ఉన్నారు. సాగిన పేగు మళ్లీ దగ్గరపడటానికి టైం కావాలి. స్పెషలిస్టు దాకా వెళ్లిన పిల్లల్లో 6 నుంచి 12 నెలలకు మందు మానగలిగేది సుమారు సగం మందే. ఇది ముందే తెలిస్తే ఇంట్లో గొడవలు తగ్గుతాయి, కానీ ఓపీ రద్దీలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నా బాధ అదే.

అలవాటు పడటం గురించి: ఈ పౌడర్ ఒంటికి దాదాపు పట్టదు. పేగులోనే ఉండి నీళ్లను పట్టి ఉంచి మలాన్ని మెత్తగా చేస్తుంది. ఆముదం అలా కాదు, పేగును రెచ్చగొట్టి పని చేయిస్తుంది, కడుపు మెలిపెడుతుంది. బిగబట్టే పిల్లాడికి ఆ నొప్పి కూడా తోడైతే ఇంకా బిగబడతాడు. తమలపాకు కాడ చంటిపిల్లలకు లోపల గాయం చేయొచ్చు, దయచేసి ఎవరూ వాడొద్దు.

బనశంకరి తాతయ్య:
కాడ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ పౌడర్ అమెరికాలోనే పిల్లలకు లేదని మా అల్లుడు అన్నాడు. దానికేమంటావమ్మా?

పిల్లల వార్డు నర్సు, జయనగర్:
అక్కడ చీటీ లేకుండా కొనుక్కునే డబ్బా మీద 17 ఏళ్లు నిండినవాళ్లకే మోతాదు రాసి ఉంటుంది, అంతకన్నా చిన్నవాళ్లకు డాక్టర్‌ని అడగమంటుంది. డాక్టర్లు పిల్లలకు రాస్తూనే ఉన్నారు. దీనివల్ల పిల్లల ప్రవర్తన మారుతోందని అక్కడ కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆ సంబంధం రుజువు కాలేదు. తేడా ఏదైనా కనిపిస్తే డాక్టర్‌కి చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

ఇంకొకటి. పుట్టాక మొదటి మలం 48 గంటలు దాటినా రాని పిల్లలు, బరువు పెరగనివాళ్లు, పొట్ట ఉబ్బి ఆకుపచ్చగా వాంతులయ్యేవాళ్లు, కాళ్లలో బలం తగ్గినవాళ్లు వేరు. వాళ్లకు పౌడర్ ఇస్తూ కూర్చోకుండా వెంటనే పరీక్షలు చేయించాలి.

మారతహళ్లి టీచరమ్మ:
మందు గురించి నాకు తెలియదు, బడి గురించి చెప్తాను. ఏడుంపావుకి బస్సు ఎక్కే పిల్లలు మూడున్నర దాకా ఆపుకునే ఉంటారు. తలుపు గడియ పడదు, నీళ్లుండవు, అందరి ముందూ చెయ్యెత్తి అడగాలంటే సిగ్గు. తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు. ఆయమ్మకు కన్నడ తప్ప రాదు, వీళ్లకు ఇంట్లో అనే మాట తప్ప తెలియదు. ఒక పాప ఆయమ్మ దాకా వెళ్లి, ఏమనాలో తెలియక వెనక్కి వచ్చి కూర్చుంది. ఆ మర్నాడు పసుపు అట్టముక్క ఒకటి కత్తిరించి టేబుల్ మీద పెట్టాను. ఎవరు దాన్ని చేత్తో పట్టుకున్నా ఆయమ్మ మాట్లాడకుండా తీసుకెళ్తుంది. వైట్‌ఫీల్డ్ అమ్మగారూ, మీ వాడి టీచర్‌తో ఈ సంగతి దాచకుండా చెప్పండి. బ్యాగులో ఒక జత బట్టలు కూడా పెట్టండి.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
అందరికీ థాంక్స్. ఆపడం లేదు. నర్సుగారు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను, సరే అన్నారు. అత్తయ్యగారికి రాగి జావ బాధ్యత ఇచ్చాను, పౌడర్ మానకుండా. తినగానే పేగు కదులుతుందట కదా, అందుకే టిఫిన్ అయ్యాక పది నిమిషాలు పీట వేసి ఆవిడే కూర్చోబెడుతున్నారు. బస్సు కోసం వాణ్ని అరగంట ముందు లేపుతున్నాం. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకు ఒక స్టిక్కర్. కొట్టినందుకు వాడికి సారీ చెప్పాను.

బనశంకరి తాతయ్య:
నెలల మందు విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఆ హెచ్ఎస్ఆర్ అమ్మాయి రాసింది చదివినప్పటి నుంచి ఒకటే ఆలోచన. మా చిన్న మనవడికి మూడేళ్లు. సోఫా వెనక అచ్చం అలాగే నిలబడతాడు. మేము చుట్టూ చేరి "ముక్కు నాన్నా, ముక్కు" అంటున్నాం. ఏం చెయ్యమంటావమ్మా?

పిల్లల వార్డు నర్సు, జయనగర్:
ముక్కమనడం ఆపేయండి, చుట్టూ ఎవరూ చేరొద్దు. పాటీ అలవాటు చేయడం కొన్నాళ్లు పక్కన పెట్టి, కావాలంటే డైపర్‌లోనే పోనివ్వండి. ఈ వారంలోనే డాక్టర్‌తో పొట్ట నొక్కించి చూపించండి. అప్పటిదాకా ఆముదం మాత్రం వద్దు తాతయ్యగారూ.