ఐసీయూ కోవిడ్ కేస్ షీట్లు: మరణ ముప్పు అంచనాకు 4సీ స్కోరా, సోఫానా, సొంత మోడలా?

బురుజు_పీజీ, కర్నూలు:

అందరికీ నమస్కారం. జనరల్ మెడిసిన్ థీసిస్ గురించి అడుగుతున్నాను. 2020, 2021 వేవ్‌లలో ఐసీయూలో చేరిన తీవ్ర కోవిడ్ రోగుల కేస్ షీట్లు రికార్డ్ రూమ్ నుంచి దించి ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాం. ఎథిక్స్ అనుమతి ఉంది, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేశాం. చేరిన నాటి వివరాలను బట్టి మరణ ముప్పు అంచనా కట్టాలి.

షీట్లు రెండు వందల పైచిలుకు, మరణాలు 90 దాకా. కాలమ్స్ 40: వయసు, బీపీ, షుగర్, శ్వాస రేటు, సాచురేషన్, యూరియా, క్రియాటినిన్, సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ రేషియో, సీటీ స్కోర్, వెంటిలేటర్ పెట్టారా లేదా, ఇలా. ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) సగం మందికే ఉంది.

4సీ స్కోర్ (ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగి మరణ ముప్పును పాయింట్లలో చెప్పేది) వేస్తే సరిపోతుందా, సోఫా (ఏ అవయవం ఎంత దెబ్బతిందో కొలిచే స్కోర్) వేయాలా, లేక సొంతంగా మోడల్ కట్టాలా? గైడ్ సార్ రాండమ్ ఫారెస్ట్ (మెషిన్ లెర్నింగ్ పద్ధతి) అంటున్నారు. ఇంకో చిక్కు: లామా మీద (డాక్టర్ సలహాకు విరుద్ధంగా సంతకం పెట్టి) వెళ్లిపోయినవాళ్లు, హైదరాబాద్‌కు రిఫర్ అయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను బతికినట్టు రాయాలా?

చిత్రావతి_ఐసీయూ, అనంతపురం:

4సీ ఐసీయూ కోసం పుట్టింది కాదు, అది ముందు గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో ఆస్పత్రుల్లో చేరిన అందరి మీదా కట్టారు. 2020 సెప్టెంబర్‌లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది, మోడల్ కట్టడానికి 35,463 మంది, సరిచూడడానికి 22,361 మంది. వార్డు నుంచి వెంటిలేటర్ దాకా అందరినీ కలిపితే ఏయూసీ (చనిపోయేవాళ్లనూ బతికేవాళ్లనూ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే అంకె, 1 అయితే పక్కా) 0.77 వచ్చింది. మీ ఐసీయూలో అంత రాదు. ఎందుకంటే మీ దగ్గరకొచ్చేసరికే దాదాపు అందరికీ సాచురేషన్ 92 కన్నా తక్కువ, శ్వాస రేటు 20 పైన. అందరికీ అవే మూడు నాలుగు పాయింట్లు పడితే, వాటితో ఎవరిని ఎవరి నుంచి వేరుచేస్తారు?

సోఫా పరిస్థితి ఇంకా కనాకష్టం. 1996 నాటి స్కోర్ అది, పలు అవయవాలు ఒకేసారి దెబ్బతినే సెప్సిస్‌కు బాగా కుదురుతుంది. కోవిడ్‌లో మొదట్లో ఊపిరితిత్తి ఒక్కటే పోతుంది. ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్, బీపీ అన్నీ బాగానే ఉంటాయి, మనిషి మాత్రం ఎగశ్వాస తీస్తుంటాడు. 2021లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో, వెంటిలేటర్‌కు ముందు లెక్కేసిన సోఫాకు ఏయూసీ 0.59. ఒక్క వయసుకే 0.66. బొమ్మాబొరుసుకు 0.50 అని తెలిసిందే కదా. అలాగని సోఫా పనికిరాదని కాదు. మూడో రోజు, ఐదో రోజు స్కోర్ పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చెప్పగలదు. చేరిన గంటలో కాదు.

4సీ వేసేటప్పుడు మనవాళ్లు తప్పేది ఎక్కడో ఒక లెక్కలో చూపిస్తాను. 62 ఏళ్ల మగమనిషి, బీపీ, షుగర్ ఉన్నాయి. శ్వాస రేటు 32, గదిగాలి మీద సాచురేషన్ 86, స్పృహ పూర్తిగా ఉంది, యూరియా 54, సీఆర్‌పీ 118.

వయసు 60-69కి 4. మగ అయినందుకు 1. జబ్బుల దగ్గర ఆగండి: 4సీ జాబితాలో బీపీ లేదు. షుగర్ ఉంది, గుండెజబ్బు ఉంది, ఆస్తమా కాని ఊపిరితిత్తి జబ్బు ఉంది, కిడ్నీ, లివర్, నరాల జబ్బు, డిమెన్షియా, క్యాన్సర్, హెచ్‌ఐవీ, స్థూలకాయం ఉన్నాయి. ఉత్త బీపీ లెక్కకు రాదు. కాబట్టి 1 మాత్రమే. శ్వాస రేటు 30 దాటింది, 2. సాచురేషన్‌కు 2. స్పృహకు 0. యూరియా మన ల్యాబ్‌లో మిల్లీగ్రాములు పర్ డెసిలీటర్, స్కోర్‌లో మిల్లీమోల్స్ పర్ లీటర్. 54ను 6తో భాగిస్తే 9, అంటే 7-14 మధ్య, 1. సీఆర్‌పీ 100 దాటింది, 2. మొత్తం 13. ఇది 9-14 గుంపు, మూల అధ్యయనంలో ఆ గుంపులో మరణాలు 31.4 శాతం.

ఇప్పుడు యూరియా 54ను అలాగే వేశారనుకోండి. 14 దాటినట్టు లెక్క, 3 పాయింట్లు. బీపీని కూడా జబ్బుల్లో కలిపితే ఇంకో పాయింటు. 13 కాస్తా 16 అయి, 61.5 శాతం మరణాలున్న గుంపులోకి పోతాడు. అదే మనిషి, అదే షీటు. థీసిస్‌లో ఇలాంటివి నూరు షీట్లకు జరిగితే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

శ్వాస రేటు కాలమ్ ఒకసారి వరసపెట్టి చూడండి. అన్నీ 22, 24 అని ఉంటే అది లెక్కపెట్టి రాసింది కాదు, చెయ్యి అలవాటుతో రాసింది. వయసు కూడా అంతే. క్యాజువాలిటీ చీటీలో 60, 65, 70 అని గుండుగుత్తగా ఉంటుంది. 59కీ 60కీ మధ్య 4సీలో 2 పాయింట్ల తేడా ఉంది, ఆధార్ కాపీ ఫైల్లో ఉంటే దాన్నుంచి తీసుకోండి.

పెన్న_లెక్కలు, కడప:

తమ్ముడూ, మోడల్ పేరు తర్వాత సూద్దాం. నీ ఎక్సెల్‌లో 'వెంటిలేటర్ పెట్టారా' అని ఒక కాలమ్ ఉండాది సూడు, అది తీసెయ్. చేరిన నాటి వివరాలతో అంచనా అంటివి కదా, మూడో రోజు పెట్టిన వెంటిలేటర్ మొదటి రోజు ఎట్ల తెలుస్తాది? అట్లనే 'అత్యధిక ఫెరిటిన్', 'అత్యధిక డీ-డైమర్' కూడా. అవి పెడితే ఏయూసీ 0.95 వచ్చి గైడ్ సంతోషపడతాడు, అంతే. సున్నా గంట ఏదో ముందు తేల్చుకో: ఐసీయూ బెడ్ మీదికి వచ్చిన టైము. దానికి ముందు 6 గంటలు, తర్వాత 24 గంటలు, ఆ లోపల మొదట రాసిన విలువ. అందరికీ ఒకటే సూత్రం.

ఇంగ లామా సంగతి. మన సీమలో ఇదే పెద్ద గండి. బతకడని డాక్టర్ చెప్పినాక, సంతకం పెట్టి ఇంటికి తోలుకుపోతారు. అట్ల పోయినోళ్లను 'డిశ్చార్జ్, బతికినారు' అని రాస్తే ఏమైతాది? అందరికన్నా ఇషమ పరిస్థితిలో ఉండేవాళ్లే బతికినోళ్ల లెక్కలో పడతారు. లాక్టేట్ 6 ఉన్నా ఏం గాదని మోడల్ నేర్చుకుంటాది. పోనీ అందరినీ చనిపోయినట్టు రాస్తామా అంటే, బాగున్నా బిల్లు భయంతో పోయినోళ్లు, బెంగళూరుకో హైదరాబాద్‌కో మంచి ఆస్పత్రికని పోయినోళ్లు కూడా అందులో ఉంటారు.

ఎథిక్స్ కమిటీ దగ్గరికి మళ్లీ పో, 28వ నాటి పరిస్థితి ఫోన్‌లో కనుక్కోవడానికి సవరణ అడుగు. పేర్లు, నంబర్లు తీసేసినా అంటివి, రికార్డ్ రూమ్‌లో ఐపీ నంబర్‌తో కలిపే తాళంచెవి జాబితా ఉంటాది కదా, అది నీ దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర పెట్టించు. ఫోన్‌కు దొరకనోళ్లు మిగిలితే రెండుసార్లు లెక్కెయ్. ఒకసారి అందరూ బతికినట్టు, ఒకసారి అందరూ పోయినట్టు. రెండింటికీ జవాబు ఒకటే వస్తే ధైర్యంగా రాసుకో. వేరే వేరే వస్తే అదే నీ థీసిస్‌లో ముఖ్యమైన ఫలితం, దాచిపెట్టొద్దు.

కాక్స్ మోడల్‌లో (ఎన్నాళ్లకు చనిపోయినారో లెక్కేసే పద్ధతి) డిశ్చార్జ్ అయినోళ్లను సెన్సార్ చేసే, అంటే ఆ రోజు తర్వాత ఏమైందో తెలీదని రాసే అలవాటు శానామందికి ఉండాది. అది తప్పు. నడుచుకుంటా ఇంటికి పోయినోనికీ, ఇంకా బెడ్ మీద ఉన్నోనికీ ముప్పు ఒకటే అని చెప్పినట్టయితాది. 28 రోజుల దాకా బతికినారా లేదా అని లాజిస్టిక్ (అవును-కాదు ఫలితానికి వేసే మోడల్) వేసుకో, సులువు.

90 మరణాలకు 40 కాలమ్స్ అంటే పది మందికి పెట్టిన సంగటి ఊరందరికీ వడ్డించినట్టు. ఒక పారామీటర్‌కు (మోడల్ అంచనా కట్టాల్సిన ఒక్కో అంకెకు) కనీసం 10 మరణాలు అనే పాత లెక్క ప్రకారం సూసినా నీకు 9 మాత్రమే. వయసును 60 పైన, కింద అని ముక్కలు చేయొద్దు, మూడు ముళ్ల స్ప్లైన్ (వయసుతో ముప్పు మారే తీరును వంపుగీతగా పట్టే పద్ధతి) వెయ్, దానికి 2 పోతాయి. ఆడ మగ 1, ఆక్సిజన్ రేషియో (రక్తంలో ఆక్సిజన్‌ను, ఇస్తున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చేది) 1, శ్వాస రేటు 1, యూరియా 1, సీఆర్‌పీ 1, జబ్బుల సంఖ్య 1, ప్లేట్‌లెట్లు 1. అయిపాయ. ఇవి ముందే కాగితం మీద రాసి పెట్టుకో. పీ వాల్యూ (కాకతాళీయంగా ఇంత తేడా వచ్చే అవకాశం) 0.05 కన్నా తక్కువ వచ్చినవి ఏరుకోవడం వద్దు, అట్ల ఏరిన మోడల్ ఇంకో ఆస్పత్రిలో నిలబడదు. రాండమ్ ఫారెస్ట్‌కు లాజిస్టిక్ కన్నా ఎన్నో రెట్ల రోగులు కావాల, రెండు వందల షీట్లతో అది నీ షీట్లను బట్టీపడతాది.

70-30 అని చీల్చడం కూడా వద్దు. 27 మరణాల మీద సరిచూసిన ఏయూసీకి అర్థం లేదు, బయట సరిచూడాలంటే కనీసం 100 మరణాలన్నా ఉండాల. అందరి మీదా మోడల్ కట్టి, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎంఎస్ ప్యాకేజీతో 500 బూట్‌స్ట్రాప్‌లు (ఉన్న షీట్లలోంచే మళ్లీ మళ్లీ ఏరి మోడల్ కట్టి చూడడం) తిప్పు, ఏయూసీ ఎంత ఉబ్బిందో అదే చెప్తాది. అంతమాత్రం కోఎఫిషియెంట్లను (మోడల్ ఒక్కో అంశానికి ఇచ్చిన బరువులను) కుదించు.

బీఎంజేలో 2020లో మొదలైన సమీక్ష, మూడో అప్‌డేట్‌కే 232 కోవిడ్ మోడల్స్ లెక్కబెట్టింది. దాదాపు అన్నీ ఇట్లాంటి తప్పులతోనే తిరస్కారానికి వచ్చినాయి. 233వది కావద్దు నీది.

సీమ_బయోకెమ్, కడప:

ల్యాబ్ వైపు నుంచి మూడు మాటలు. సీఆర్‌పీ కొన్ని మెషిన్లు మిల్లీగ్రాములు పర్ లీటర్‌లో, కొన్ని డెసిలీటర్‌లో ఇస్తాయి. 11.8 అని ఉంటే అది 118 కావచ్చు. డీ-డైమర్‌కు ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు యూనిట్లు, ఎఫ్‌ఈయూ విలువ డీడీయూకి రమారమి రెట్టింపు. 2020లో ఒక కిట్, 2021లో ఇంకో కిట్ వాడి ఉంటే రెండు వేవ్‌ల మధ్య కనిపించే తేడా రోగిది కాదు, కిట్‌ది. రిపోర్ట్ మీద నార్మల్ రేంజ్ ఎంతని అచ్చయిందో అది కూడా ఒక కాలమ్‌గా ఎక్కించుకోండి, యూనిట్ తేలకపోతే దాన్ని బట్టి పట్టుకోవచ్చు. బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ మాత్రమే) అని రాసి ఉంటే 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది.

న్యూట్రోఫిల్-లింఫోసైట్ రేషియో మీద ఆశ పెట్టుకోకండి. మన దగ్గరికి వచ్చేలోపే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా పడి ఉంటుంది. స్టెరాయిడ్ పడితే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి, రేషియో దానంతటదే ఎక్కుతుంది.

బురుజు_పీజీ, కర్నూలు:

చాలా థ్యాంక్స్ సార్. రెండు సందేహాలు మిగిలాయి. ఏబీజీ లేనివాళ్లకు ఆక్సిజన్ రేషియో ఎలా? ట్యూబ్ వేసి మత్తులో ఉన్నవాళ్లకు స్పృహ స్కోర్ ఎంత రాయాలి? కొందరికి 3 అని రాసి ఉంది.

చిత్రావతి_ఐసీయూ, అనంతపురం:

మత్తులో రాసిన 3 మందుది, రోగిది కాదు. మత్తు ఇవ్వకముందు చివరగా రాసిన జీసీఎస్ (స్పృహ స్కోర్, 3 నుంచి 15 దాకా) తీసుకోండి. అది లేకపోతే ఖాళీగా వదలండి, 15 అని ఊహించొద్దు, 3 అని కూడా వేయొద్దు.

ఏబీజీ లేకపోతే సాచురేషన్‌ను ఎఫ్‌ఐఓ2తో (పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతుతో) భాగించి ఎస్-ఎఫ్ రేషియో వాడండి, అందరికీ అదే వాడితే ఇంకా మేలు. ఎఫ్‌ఐఓ2 0.6 మీద సాచురేషన్ 88 అయితే 147. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే స్థితి) రోగుల మీద వచ్చిన సూత్రం ప్రకారం ఎస్-ఎఫ్ 235 అంటే పీ-ఎఫ్ (ఏబీజీలోని ఆక్సిజన్ పీడనం పీఏఓ2ను ఎఫ్‌ఐఓ2తో భాగించినది) 200, 315 అంటే 300. సాచురేషన్ 97 దాటితే ఈ రేషియో పనిచేయదు. అక్కడ సాచురేషన్‌కూ పీఏఓ2కూ మధ్య వక్రరేఖ చదునుగా ఉంటుంది, 99 దగ్గర పీఏఓ2 120 కావచ్చు, 300 కావచ్చు. నేసల్ ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే ఆక్సిజన్ గొట్టాలు) అయితే 6 లీటర్ల దాకా, లీటరుకు 4 శాతం చొప్పున 20కి కలిపి ఎఫ్‌ఐఓ2 అనుకోండి. ఎన్‌ఆర్‌బీఎం (సంచి ఉన్న ఆక్సిజన్) మాస్క్‌కు 100 శాతం అని రాయకండి, మాస్క్ వదులుగా ఉంటే, రోగి గబగబా శ్వాస తీస్తుంటే బయటి గాలి కలుస్తుంది. ఒక అంకె ఎంచుకుని అందరికీ అదే వాడి, మెథడ్స్‌లో రాయండి.

ఏబీజీ ఉన్న సగం మందితోనే విశ్లేషణ చేస్తానంటే మాత్రం వద్దు. ఏబీజీ తీసింది బాగా సుస్తీ చేసినవాళ్లకే.

పెన్న_లెక్కలు, కడప:

మిగతా ఖాళీలకు ఆర్‌లోనే మైస్ ప్యాకేజీతో మల్టిపుల్ ఇంప్యుటేషన్ (లేని విలువలను మిగతా కాలమ్స్‌ను బట్టి పలుసార్లు అంచనా వేసి నింపడం), 20 సెట్లు. ఇంప్యుటేషన్ మోడల్‌లో మరణం కాలమ్ కూడా ఉండాల, శానామంది భయపడి తీసేస్తారు.

క్యాలిబ్రేషన్ గ్రాఫ్ (మోడల్ చెప్పిన శాతం, నిజంగా జరిగిన శాతం సరిపోలినాయా అని చూపేది) రెండు వేవ్‌లకూ వేరువేరుగా గీయి. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ (కోవిడ్ మందుల పరీక్ష) ఫలితం వచ్చినాక డెక్సా అందరికీ మొదలాయ. ఆ ట్రయల్‌లో వెంటిలేటర్ మీదున్నోళ్లలో 28 రోజుల మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గినాయి. 4సీ కట్టిన రోగులు అంతకు ముందోళ్లు. కాబట్టి 4సీ చెప్పే శాతాలు నీకు సరిపోకపోతే స్కోర్‌ను పారేయొద్దు. స్కోర్ ఒక్కటే పెట్టి లాజిస్టిక్ వేసి, ఇంటర్‌సెప్ట్, స్లోప్ (మోడల్ గీత ఎత్తు, వాలు) నీ రోగులకు తగ్గట్టు మార్చుకో. దాని పక్కనే నీ 9 పారామీటర్ల మోడల్ పెట్టి, ఉత్త వయసు మోడల్ ఇంకోటి పెట్టి, మూడూ ఒకే పట్టికలో చూపించు. వయసు కన్నా నీ మోడల్ ఎంత మెరుగో పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ అడిగేది అదే.