ప్రభుత్వ రేడియోలో పాత కీర్తనలు ఉన్నవి ఉన్నట్టే చదవాలా? (ఐస్‌లాండ్ సంగతి)

సందేహాల_శాస్త్రి:
ఐస్‌లాండ్ ప్రభుత్వ రేడియో రూవ్ ఈస్టర్ ముందు శ్రమల దినాల్లో రోజుకొకటి చొప్పున 50 కీర్తనలు చదివిస్తుంది, 1944 నుంచీ ఇదే ఆనవాయితీ. హల్‌గ్రిమూర్ పేతుర్సన్ అనే పాస్టర్ రాసినవి, 1666లో అచ్చయ్యాయి, యేసుని పట్టుకున్న గెత్సేమనే తోట నుంచి ఆయన సమాధికి కావలి పెట్టేదాకా కథ. వాటిలో యూదుల మీద విషం ఉందని 2012లో సైమన్ వీసెంతాల్ సెంటర్ అనే యూదుల హక్కుల సంస్థ ప్రసారం ఆపమంటే రూవ్ ఆపలేదు. నన్నడిగితే ఆపాల్సిందే. అందరి డబ్బుతో నడిచే రేడియో అది.

రేక్యావిక్_రాజు:
శాస్త్రిగారూ, ఒక్కసారైనా విన్నారా? నేను ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది గుడ్ ఫ్రైడే నాడు షాపులన్నీ మూసుంటే, ఏం తోచక ఆ కవి పేరు మీద కట్టిన పెద్ద చర్చికి పోయాను (74.5 మీటర్ల టవర్, ఊళ్లో దారి తప్పితే దాన్ని చూసుకునే ఇంటికొస్తాం). ఆ రోజు 50 కీర్తనలూ ఒకే విడతలో చదువుతారు, దాదాపు అయిదు గంటలు. జనం కోటు కూడా విప్పకుండా కూర్చుని రెండు మూడు విని లేచిపోతున్నారు. నా ముందు వరసలో ఒక పెద్దావిడ మాత్రం ఒళ్లో పుస్తకం పెట్టుకుని పేజీలు తిప్పుతోంది గానీ చూపు అందులో లేదు, పెదాలు చదివేవాడికంటే అర క్షణం ముందే కదులుతున్నాయి. నాకు అప్పటికి భాష రాదు, అయినా గంటన్నర కూర్చున్నా.

సందేహాల_శాస్త్రి:
చర్చిలో రాత్రంతా చదువుకోండి, నాకేం. ఆ దేశపు జాతీయ చర్చిలో ఇప్పుడు జనాభాలో 60 శాతం కూడా లేరు, మిగతావాళ్ల మాటేంటి?

నరసాపురం_మేరీ:
మా ఊళ్లో గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటలకి (సిలువ మీద యేసు పలికినవి) మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కూర్చుంటాం, "యూదులే చంపారు" అని మైకులో ఊగిపోయేవాళ్లని చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. వినేవాళ్లలో యూదులు ఎవరూ ఉండరు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించదు, చిక్కంతా అక్కడే. కానీ ఈ కవి తిట్టి ఊరుకోడు అండీ, కథ చెప్తూ చెప్తూ ఆగి, ఈ దెబ్బ నా పాపానికే అంటాడు. ఆ లైన్లు కోసేస్తే ఆ మలుపు కూడా పోతుంది. పూర్తిగా చదవండి, ముందు రెండు ముక్కల్లో వివరణ చెప్పండి, సరిపోతుంది.

పాత_పుస్తకాల_పిచ్చి:
ఇంకోటి. ఆ కవి భార్య గుద్రీదుర్‌ని, ఇంకా చాలామందిని 1627లో సముద్రపు దొంగలు ఐస్‌లాండ్ పక్కనున్న వెస్ట్‌మన్ దీవుల నుంచి ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్‌కి ఎత్తుకుపోయారు, అప్పటికి వాళ్లకి పెళ్లి కాలేదు. తొమ్మిదేళ్లకి డబ్బు కట్టి విడిపించాక, కోపెన్‌హాగెన్‌లో అలా విడిపించి తెచ్చిన జనానికి మళ్లీ మతపాఠాలు చెప్పడానికి పెట్టిన విద్యార్థే ఈయన, అక్కడే కలిశారు. చివరికి కుష్ఠుతో 1674లో పోయాడు. నొప్పి గురించి ఊరికే ఊహించి రాసిన మనిషి కాదు.

సందేహాల_శాస్త్రి:
కష్టాలు పడితే కలానికి మినహాయింపా? మేరీగారి మాట కొంత ఒప్పుకుంటా, ముందు వివరణ చెప్తే నా గొడవ సగం తగ్గుతుంది. సగమే.

రేక్యావిక్_రాజు:
ఇక్కడ గొడవలకేం తక్కువ లేదు సార్. 2019 దాకా గుడ్ ఫ్రైడే నాడు బహిరంగంగా బింగో (మన తంబోలా లాంటి ఆట) పెట్టడం చట్టరీత్యా నిషేధం, అందుకని నాస్తికులు సరిగ్గా ఆ రోజే పార్లమెంటు ముందు మైదానంలో బింగో ఆడేవాళ్లు, చలిలో వణుకుతూ! మా ఆఫీసులో దేవుడి పేరెత్తితే నవ్వే మనిషి ఒకడున్నాడు, వాడూ రాత్రి గిన్నెలు కడుగుతూ ఈ కీర్తనలు వింటాడట, వాళ్ల నాన్నమ్మ వంటింట్లో మోగేవని.

సందేహాల_శాస్త్రి:
ఆ లైన్లు వచ్చినప్పుడు ఏం చేస్తాడో అడిగారా?

రేక్యావిక్_రాజు:
లేదు. సోమవారం అడుగుతా.