మందు మానినవాళ్లకు ఊళ్లో తోడు సంఘం: ఎలా నడపాలి?

ప్రశ్న: డ్వాక్రా సంఘాల తరఫున, తాగుడు మానినవాళ్లకు వారం వారం మీటింగ్ పెట్టాలనుకుంటున్నాం. ఎప్పుడు, ఎక్కడ పెడితే నిలుస్తుంది? తాగుడు మాన్పిస్తుందంటూ అన్నంలో కలిపే పొడి పంచమంటున్నారు, పంచొచ్చా?

జవాబు 1: పొడి జోలికి అస్సలు పోకండి. అందులో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లిచ్చే మందు) ఉండి, ఆ సంగతి తెలియక తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ పుట్టి, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఆ మందు వాడటం ఆపేశాక కూడా 14 రోజుల దాకా ఆ ప్రమాదం పోదు. డాక్టరు చీటీ, తాగే మనిషి ఒప్పుదల రెండూ ఉండాల్సిందే.

జవాబు 2: ఇంకోటండీ. రోజూ గట్టిగా తాగేవాళ్లచేత గుడిలో ఒట్టేయించి ఒక్కసారిగా మాన్పించొద్దు. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2-4 రోజుల మధ్య చేతులు వణుకుతూ, లేనివి కనబడుతుంటే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. 14446 ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే, దగ్గర్లోని తాగుడు మాన్పించే కేంద్రం వివరాలు చెబుతారు.

జవాబు 3: బెల్టుషాపు కిటకిటలాడే వేళకే పెట్టండి, కూలి డబ్బులు చేతికొచ్చే రోజైతే మరీ మంచిది. బడి గది చాలు. పంచాయతీ ఆఫీసైతే పార్టీల గొడవ అంటుకుంటుంది. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) వాళ్లు బయటి చందాలు తీసుకోరు, మీరూ టీ ఖర్చు లోపలే చూసుకోండి. లోపలి మాట బయటికి పొక్కిందా, మర్నాటికి గది ఖాళీ! మళ్లీ తాగినవాడికి జరిమానా వేయకండి, చాటుగా తాగడం మొదలెడతాడు. ఒక్కొక్కరికి ఇద్దరి ఫోన్ నంబర్లివ్వండి, ఒకరు ఎత్తకపోతే రెండోవారుంటారు.