నాలుగేళ్ల అబ్బాయి లక్కపిడతలతో ఆడుకుంటే ఆపాలా?

సీతమ్మధార నుంచి ఒక తల్లి:
మా అబ్బాయికి నాలుగేళ్లు. ఏటికొప్పాక లక్కపిడతలంటే ప్రాణం. అంగుళమంత గిన్నెలో అన్నం వండి, చల్లారాక తినమని ఇంటిల్లిపాదికీ వడ్డిస్తాడు. "మగపిల్లవాడికి ఈ ఆటలేమిటి, రేపు వీడు ఆడంగిలా తయారైతే?" అని మా మామగారు వాటిని అటక ఎక్కించారు. ఏం చేయమంటారు?

గాజువాక నుంచి ఒక తాతయ్య:
అమ్మా, మీ మామగారి మాట కొట్టిపారేయకు. ఇది పుట్టుకతో వచ్చే తేడా. 2002లో అలెగ్జాండర్, హైన్స్ అనే పరిశోధకులు వర్వెట్ జాతి కోతులకు బొమ్మలిస్తే, మగవి బంతినీ కారునూ, ఆడవి పాపబొమ్మనూ గిన్నెనూ ఎక్కువసేపు పట్టుకున్నాయి. కోతులకు ఎవరు నేర్పారు? అబ్బాయికి లారీ కొనిపెట్టు.

ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక టీచరు:
బాబాయిగారూ, వంటే ఎరగని కోతికి గిన్నె ఆడవాళ్లదని ఎలా తెలుస్తుంది? 2008లో రీసస్ అనే మరో జాతి కోతులతో చూసినప్పుడు మగవి చక్రాల బొమ్మల వైపు మొగ్గాయి, ఆడవాటికి అంత స్పష్టమైన మొగ్గు కనబడలేదు.

పుట్టుక ప్రభావం లేదని నేననను. అడ్రినల్ గ్రంథి లోపం వల్ల తల్లి కడుపులోనే ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, ఎక్కువగా సోకిన ఆడపిల్లలు కార్లతో ఎక్కువగా ఆడతారని 1992లో బెరెన్‌బామ్, హైన్స్ చూపించారు. అయినా అలాంటి పిల్లల్లో ఎక్కువమంది తాము ఆడపిల్లలమనే చెప్పుకుంటారు. ఆటను బట్టి బిడ్డ ఎవరో తేల్చలేమనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తాము అబ్బాయో అమ్మాయో పిల్లలు మూడేళ్లకే చెప్పగలరు. జుట్టు, బట్టలు మారినా అది మారదన్న ఎరుక ఆరేడేళ్లకు గానీ కుదురుకోదని మనస్తత్వ శాస్త్రవేత్త కోల్‌బర్గ్ 1966లో రాశారు. మా తరగతిలోనూ "జడ వేసుకుంటే అమ్మాయివైపోతావు" అని గట్టిగా వాదించుకుంటారు. ఆ వయసులో గిన్నె లాక్కుంటే, పదిమందికి వడ్డించడం తప్పు పని అనే వాడికి అర్థమవుతుంది.

గాజువాక తాతయ్య:
సరే, తోటి పిల్లలు ఏడిపిస్తే?

ఎం.వి.పి. కాలనీ టీచరు:
ఏడిపించేవాళ్లను మందలించాలి గానీ వీడి బొమ్మలు దాచడమేమిటండీ! మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది మగవాళ్లే కదా. ఏ బిడ్డయినా ఏళ్ల తరబడి "నేను మీరనుకునే అబ్బాయిని కాను" అంటే కూర్చోబెట్టుకుని వినాలి, తెలిసిన డాక్టరును కలవాలి. బొమ్మలు దాచితే ఆ మాట ఆగదు, ఇస్తే పుట్టదు.

అమ్మా, పిడతలు కిందికి దించండి. తాతగారు కొనే లారీ కూడా పక్కనే పెట్టండి. బియ్యం మూటలు అందులో వేసుకుని వస్తాడేమో!