మార్కోవా మ్యూజియం: ఒక కుటుంబం త్యాగానికి దేశమంతా క్రెడిట్ తీసుకోవచ్చా?

వార్సావాసి: లాంగ్ వీకెండ్‌కి పోలాండ్‌లో జెషూఫ్ సిటీ దగ్గర మార్కోవా అనే పల్లెకి వెళ్లొచ్చా. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదంతా నాజీ జర్మనీ ఆక్రమణలో ఉండేది. 1944 మార్చి 24 తెల్లవారకముందే జర్మన్ పోలీసులు వచ్చి యూజెఫ్ ఉల్మా ఇంట్లో దాక్కున్న 8 మంది యూదుల్ని కాల్చేశారు, తర్వాత ఉల్మాని, నిండు నెలల భార్య విక్టోరియాని, ఆరుగురు పిల్లల్ని కూడా. యూదుల్ని దాస్తే చావే అని 1941 నుంచీ ఆర్డర్ ఉంది, తెలిసే దాచారు. 2016లో మ్యూజియం కట్టారు, 2023లో క్యాథలిక్ చర్చి కుటుంబం మొత్తాన్ని బ్లెస్డ్‌గా (సెయింట్‌కి ముందు మెట్టు) ప్రకటించింది. ఈ దేశం మీద గౌరవం పెరిగింది నాకైతే.

గోదారిగట్టు: దేశం మీద ఎందుకు? పట్టించింది ఎవరో రాయలేదే. లెష్ అని, పక్క టౌన్ వాయిన్‌సుత్‌లో పోలీసు, పోలిష్ వాడే.

వార్సావాసి: అది బలమైన అనుమానం, కేసు నడవలేదు. జర్మన్ల మీద రహస్యంగా పోరాడే పోలిష్ అండర్‌గ్రౌండ్ వాళ్లు అదే ఏడాది సెప్టెంబర్‌లో లేపేశారు అతన్ని.

మిర్చిబజ్జి: వాయిన్‌సుత్ వాడైతే మార్కోవా వాడు కాదుగా. ఊరికేం సంబంధం

గోదారిగట్టు: అబ్బో, పోస్టింగ్ ఎక్కడైతే ఏంటి బ్రో

మిర్చిబజ్జి: టాపిక్ మార్కోవా. అంతే.

పెరుగన్నం: నేను మూడేళ్లున్నా పోలాండ్‌లో, ఓనర్ డిపాజిట్ మొత్తం మింగేశాడు, పక్క ఫ్లాట్ వాళ్లు చూస్తూ కూర్చున్నారు. గౌరవం అంట.

వార్సావాసి: డిపాజిట్‌కీ దీనికీ ఏంటండీ లింకు! అసలు కాల్పించిన జర్మన్ ఆఫీసర్ డీకెన్ శిక్షే లేకుండా యుద్ధం తర్వాత కూడా జర్మనీలో పోలీసు ఉద్యోగం చేసుకుని 1960లో పోయాడు, అతని మీద ఒక్క ముక్క లేదు, మీ కోపమంతా పోలిష్ వాళ్ల మీదే. గోదారిగట్టు, నీకు ఎవరు బాగున్నా కళ్లమంట.

గోదారిగట్టు: నోరు జాగ్రత్త. మా నాయనమ్మని ఊరు వెలేసినప్పుడు నీళ్లు పోసింది ఒక్కటంటే ఒక్క ఇల్లు. ఇప్పుడు జాతర మైకులో "ఆదుకునే ఊరండీ మాది" అంటారు, ఎవరు అంటున్నారో తెలుసా, వెలేసిన వాళ్ల మనవలు. నా మంట అది. ఉల్మా వాళ్లకి దండం పెడతా నేను. మిగతా వాళ్లు ఆ ఫోటో పక్కన నిలబడితే ఒళ్లు మండుద్ది.

వార్సావాసి: సరే, అది ముందే చెప్పుంటే సరిపోయేది. కానీ అక్కడ ఒక్క ఇల్లు కాదు. ఉల్మా వాళ్లని చంపాక కూడా వేరే ఇళ్లవాళ్లు దాచినవాళ్లని తరిమెయ్యలేదు, 20 మంది దాకా యుద్ధం అయ్యేదాకా బతికారు ఆ ఊళ్లో.

మిర్చిబజ్జి: చెప్పానా. ఊరికేం సంబంధం అని

గోదారిగట్టు: ఆ ఇళ్ల వరకూ ఒప్పుకుంటా. ఇంకోటి, నీ పోస్టులో ఉల్మా వాళ్లకి పేర్లున్నాయి. యూదులు మాత్రం "8 మంది".

వార్సావాసి: ...కరెక్టే. సౌల్ గోల్డ్‌మన్, ఆయన నలుగురు కొడుకులు, గోల్డా గ్రున్‌ఫెల్డ్, లేయా డిడ్నర్, ఆమె చిన్న కూతురు. పైన ఎడిట్ చేస్తున్నా.

గోదారిగట్టు: కొడుకుల పేర్లు కూడా పెట్టు.